మీరడిగారు: సాహిత్యోత్సవంలో ఒక రోజు

చలి మొదలైందంటే విశాఖలో సభలు, పుస్తక ప్రదర్శనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా రచయితల మాటలు వినే ఉత్సవానికి వెళ్ళబోతున్నామంటూ పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

గాజువాక నుంచి ఒక ఉద్యోగి: మొదటిసారి వెళ్తున్నాను. రెండు హాళ్ళలో కలిపి పదకొండు సమావేశాలున్నాయి. అన్నీ వినాలని ఉంది. రోజుని ఎలా సర్దుకోవాలి?

అన్నీ వినాలన్న ఆశ ముందు వదిలేయండి. నాలుగు చాలు. మరీ ఓపిక ఉంటే ఐదు. అంతకు మించితే సాయంత్రానికి అంతా కలగాపులగమై, ఒకరన్న మాట ఇంకొకరికి అంటగడతారు.

ఏవి ఎంచుకోవాలో తేల్చుకోవడానికి పేర్లకంటే ముందు వేదిక మీద ఎంతమంది కూర్చుంటారో లెక్కపెట్టండి. ఒక్కో సమావేశానికి సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు ఇస్తారు. 50 నిమిషాలనుకుందాం. పరిచయాలకి 5, చివర్లో ప్రశ్నలకి 10 తీసేస్తే మిగిలేది 35. ఒక రచయిత, ఆయన్ని మాట్లాడించే ఒక సంధానకర్త మాత్రమే ఉంటే ఆ 35 నిమిషాల్లో ఒక పుస్తకం అడుగు దాకా వెళ్ళొచ్చు. చర్చాగోష్ఠి అని పేరు పెట్టి ఐదుగురిని కూర్చోబెడితే తలకి 7 నిమిషాలు. మొదటి ఇద్దరూ పదేసి నిమిషాలు తీసుకుంటే మిగతా ముగ్గురికీ తలకి ఐదే, వాళ్ళూ అది దాటితే కోత పడేది శ్రోతల ప్రశ్నలకే. మీరు వినాలనుకున్న రచయిత ఐదుగురిలో ఒకరైతే, ఆయనే ఇంకో చోట విడిగా మాట్లాడుతున్నారేమో కార్యక్రమ పత్రంలో వెతకండి.

నాలుగింటిని ఇలా పంచుకుంటే బాగుంటుంది. ఒకటి మీరు చదివి ఇష్టపడ్డ రచయితది. ఒకటి ఇప్పటిదాకా పేరు మాత్రమే విన్నవాళ్ళది. ఒకటి మన ప్రాంతపు పాత రచయితల మీద జరిగేది, అంటే రావిశాస్త్రి, కారా (కాళీపట్నం రామారావు), చాసో (చాగంటి సోమయాజులు) లాంటి కథకుల గురించి. నాలుగోది అనువాదం మీద. అనువాద సమావేశానికి జనం తక్కువే వస్తారు కానీ మా ఉద్దేశంలో రోజు మొత్తానికి ఎక్కువ నేర్పేది అదే. వాక్యం వాక్యం పట్టుకుని, ఈ మాటకి ఈ మాటే ఎందుకు వేశారో చెప్పేది అక్కడే.

ఇక టైము సంగతి. ప్రారంభ సభలో జ్యోతి వెలిగించడం, అతిథుల మాటలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి అరగంట జారిపోవడం మామూలే. ఆ జారుడు భోజనాల దాకా సర్దుకోదు. పత్రంలో 12:15 అని ఉన్నది 12:45కి మొదలవుతుందనే లెక్కవేసుకోండి. పైగా రెండు హాళ్ళూ ఒకేలా జారవు. అందుకే ఒక హాల్లో మీకిష్టమైనది ముగిసీ ముగియగానే రెండో హాల్లో ఇంకోటి పెట్టుకోకండి. మొదటిదాంట్లో ప్రశ్నలు పోతాయి, రెండోదాంట్లో మొదలు పోతుంది. మధ్యలో ఒకటి ఖాళీగా వదలండి. పుస్తకాల స్టాళ్ళు చూడటానికి, టీ తాగడానికి ఆ ఖాళీయే అక్కరకొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, వారం ముందే ఒక్కో రచయితది ఒక్కో కథ చదవండి. ఇరవై ముప్ఫై పేజీలు చాలు. చదివి వెళ్ళినవాళ్ళకి రచయిత మాట ఒక పాత్ర మీదో, ఒక సంఘటన మీదో వాలుతుంది. చదవకుండా వెళ్తే గాల్లో కలిసిపోతుంది. పుస్తకం దొరక్కపోతే ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. పాత కథలైతే శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం కథానిలయం వారి వెబ్‌సైటులో పత్రికల్లో పడ్డ కథల్ని స్కాన్ చేసి పెట్టారు. రచయిత పేరుతో వెతుక్కోవచ్చు.

మధురవాడ నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళు: ఎన్నింటికి చేరాలి, ఎక్కడ కూర్చోవాలి? బండి వేసుకెళ్ళొచ్చా?

ఊళ్ళో పెద్ద సభలు ఎక్కువగా జరిగే చోట్లు నాలుగైదు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, పిఠాపురం కాలనీలో కళాభారతి, ఆంధ్ర విశ్వవిద్యాలయం సభామందిరాలు. పౌర గ్రంథాలయంలో అయితే కారు వద్దు. ద్వారకానగర్ సందుల్లో జాగా దొరకడం కష్టం. మధురవాడ నుంచి బస్సులో వచ్చి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగితే నడిచి వెళ్ళొచ్చు. కళాభారతికైతే మద్దిలపాలెంలో దిగడం దగ్గర.

వినాలనుకున్న సమావేశానికి 20 నిమిషాల ముందు హాల్లో ఉండండి. ముందు రెండు వరసలూ అతిథులకి ఉంచుతారు, అక్కడ కూర్చుని మళ్ళీ లేవాల్సి వస్తే ఇబ్బంది. మూడు నుంచి ఆరో వరస దాకా మంచి చోటు. గోడకి కట్టిన స్పీకరు పెట్టెలకి ఎదురుగా మాత్రం కూర్చోకండి. గంట గడిచేసరికి చెవులు అలిసిపోతాయి, తలనొప్పి వస్తుంది. మధ్య దారి పక్క కుర్చీ అయితే మైకు మీ దాకా తొందరగా వస్తుంది. ఏసీ గాలి నెత్తిన పడే చోట రెండు గంటలు కూర్చోలేరు, ఒక పల్చటి శాలువా వెంట ఉంచుకోండి.

సాయంత్రం బీచ్ రోడ్డులో ఆరుబయట కవి సమ్మేళనం పెడితే లెక్క వేరు. సముద్రం గాలి మైకులో పడి బరబరమంటుంది. గాలి వేదిక వైపు నుంచి మీ వైపు వీచేలా కూర్చుంటే మాట కాస్త స్పష్టంగా వినిపిస్తుంది. గాలికి ఎదురు పక్కన కూర్చుంటే సగం మాటలు పోతాయి. ఆ రోజు కొన్న పుస్తకాల్ని పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టేయండి. రాత్రి తేమకి అట్టలు గంటలోనే పైకి లేస్తాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థిని: రచయితని ప్రశ్న అడగాలని ఉంటుంది. చెయ్యెత్తేసరికి గుండె దడ. అడిగితే తెలివితక్కువగా ఉంటుందేమోనని భయం. ఏమి అడగాలి, ఎలా అడగాలి?

ఈ ప్రశ్నకి తీరిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే సభలో అందరికీ ఉమ్మడిగా దక్కే పది నిమిషాలు ఇవే.

ముందు లెక్క చూడండి. ప్రశ్న అర నిమిషం, జవాబు ఒకటిన్నర నిమిషం అనుకుంటే పది నిమిషాల్లో ఐదు ప్రశ్నలు పడతాయి. ఒక్క పెద్దాయన మైకు పట్టుకుని నాలుగు నిమిషాలు తన అభిప్రాయం చెబితే ఇద్దరికి అవకాశం పోయినట్టే. కాబట్టి మీ ప్రశ్న పాతిక మాటల్లో ఉండాలి. నోట్‌బుక్కులో రాసుకోండి. రాసింది చూసి చదవడం తప్పేమీ కాదు. గుండె దడకి అంతకు మించిన మందు లేదు.

ఏం అడగాలంటే, పుస్తకంలోంచి అడగండి. 'మీకు ప్రేరణ ఎవరు?', 'కొత్తవాళ్ళకి మీ సలహా?' అన్నవి ప్రతి సభలోనూ అడుగుతారు, రచయిత దగ్గర కంఠతా వచ్చిన జవాబు ఉంటుంది, అదే మళ్ళీ చెబుతారు. అలా కాకుండా ఇలాంటిది ఊహించండి: కథలో ఒక తల్లి కొడుకు బయటికెళ్ళినప్పుడల్లా లేచి తలుపు గడియ పెడుతుంది. రెండుసార్లు పెడుతుంది. మూడోసారి పెట్టకుండా వచ్చి పడుకుంటుంది. అప్పుడు మీరు, 'మూడోసారి ఆవిడ గడియ పెట్టదు. ఆ సంగతి మొదటి రాతలోనే ఉందా, తిరగరాసేటప్పుడు వచ్చిందా?' అని అడిగారనుకోండి. ఆ ప్రశ్నకి రచయిత దగ్గర సిద్ధంగా జవాబు ఉండదు. ఆలోచించుకోవాలి, గుర్తు తెచ్చుకోవాలి. కథ ఎలా తయారైందో హాలు మొత్తం వింటుంది. చదివిన మనిషి ఒకరు ఎదురుగా ఉన్నారని తెలిస్తే రచయిత గొంతు కూడా మారుతుంది.

రచయితతో విభేదించాలనుకుంటే నిరభ్యంతరంగా విభేదించండి. పేజీ నంబరు చెప్పి, ఆ వాక్యం చదివి, మీ అభ్యంతరం చెప్పండి. మనిషి గురించీ, కులం గురించీ, ఎప్పుడో ఎక్కడో అన్న మాట గురించీ లాగితే జవాబు రాదు, సంధానకర్త మైకు తీసేయిస్తారు. పుస్తకంలో ఉన్నదాని మీద నిలబడితే ఎవరూ కూర్చోమనలేరు.

ఇక మైకు. చెయ్యెత్తగానే కార్యకర్త మీ దగ్గరికొస్తారు. మైకుని పిడికిలితో కింది భాగంలో పట్టుకోండి, నోటికి మూడు నాలుగు వేళ్ళ దూరంలో. పైనున్న జాలీని గుప్పిట్లో పట్టేస్తే కీచుమని కూత పెడుతుంది. జాలీ మూసుకుపోతే మైకు ఒక్క ఎదుటి గొంతునే కాకుండా చుట్టూ ఉన్న శబ్దాన్నంతా లాగేసుకుంటుంది, స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకే పోయి తిరుగుతూ పెరుగుతుంది. స్పీకరు పెట్టె ముందు నిలబడినా అంతే. ఊదడం, వేలితో కొట్టడం వద్దు. 'నమస్కారం' అంటే పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. పేరు చెప్పండి, ప్రశ్న అడగండి, మైకు ఇచ్చేసి కూర్చోండి. జవాబు చెప్పేదాకా నిలబడి ఉంటే వెనకవాళ్ళకి అడ్డం.

ఇంకో చిన్న సంగతి: మొదటి ప్రశ్నకి చెయ్యెత్తడానికి అందరూ సందేహిస్తారు. ఆ పది సెకన్లు ఖాళీగా ఉంటాయి. మీ ప్రశ్న రాసి ఉంది కాబట్టి ఆ పది సెకన్లు మీవే.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక గృహిణి: మాది గుంటూరు. పెళ్ళయి ఇక్కడికొచ్చి రెండేళ్ళు. ఒక సభలో కథ చదువుతుంటే మాండలికం సగం అర్థం కాలేదు. అందరూ నవ్వుతుంటే నేను చుట్టూ చూస్తూ కూర్చున్నాను. ఈసారీ అలాగే అవుతుందా?

కాదండీ, కొంచెం చెవి సాగదీసుకుంటే చాలు. ఉత్తరాంధ్ర మాట చాలావరకు మీకు తెలిసిన మాటే, ధ్వని మారుతుంది. 'లేదు' అన్నది 'నేదు' అవుతుంది. 'చూడు', 'చెప్పు' అన్నవి 'సూడు', 'సెప్పు' అవుతాయి. 'వెళ్ళు' ముందున్న వకారం పోయి 'ఎల్లు'. 'ఏమిటి' అన్నది 'ఏటి'. 'తినేశాడు' అనేచోట 'తినీసినాడు', 'వచ్చేశాడు' అనేచోట 'వచ్చీసినాడు' వినిపిస్తుంది. ఈ నాలుగైదు మార్పులు పట్టుకుంటే పది నిమిషాల్లో చెవి కుదురుకుంటుంది.

మిగిలినవి మాటలు. 'గుంటడు' అంటే పిల్లాడు, 'అప్ప' అంటే అక్క, 'ఒగ్గేయ్' అంటే వదిలేయ్. పల్లెటూరి కథల్లో 'బుగత' అంటే భూమున్న ఆసామి, 'కంబారి' అంటే ఆయన దగ్గర ఏడాది జీతానికి కుదిరిన పాలేరు. ఈ రెండు మాటలు తెలియకపోతే కథలో ఎవరు ఎవరికి లొంగి ఉన్నారో తెలియదు, నవ్వు ఎక్కడ పుట్టిందో అసలే తెలియదు. అన్ని చోట్లా ఒకే యాస అని మాత్రం అనుకోకండి. తీరంలో చేపలు పట్టేవాళ్ళ మాట వేరు, మన్యం వైపు మాట వేరు, విజయనగరం పట్నం మాట వేరు.

వెళ్ళేలోగా రావిశాస్త్రిగారి కథ ఒకటి బయటికి చదవండి. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) విశాఖలో వకీలు. కోర్టు చుట్టూ తిరిగే బీదాబిక్కీ మాటని చెవితో పట్టి కాగితం మీద పెట్టారు. కళ్ళతో చదివితే అడ్డుపడే వాక్యం పెదాలతో పలికితే దారి ఇస్తుంది. రెండుసార్లు పలికాక సభలో ఎవరు చదివినా మీరు వెనకబడరు.

ఈ మాట పుస్తకంలోకి రావడం వెనక పెద్ద పోరాటమే ఉంది, అదీ ఈ ప్రాంతంలోనే జరిగింది. విజయనగరంలో గురజాడ అప్పారావు (1862–1915) జనం మాట్లాడే భాషని నాటకంలో పెట్టారు. శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు గిడుగు రామమూర్తి (1863–1940) బడిలో, పుస్తకంలో వాడుకభాష ఉండాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సభలో మాండలికంలో కథ వినిపించినప్పుడు మీరు వింటున్నది ఆ వాదం గెలిచిన తీరే. అర్థం కాని మాట ఉంటే రాసుకుని, కథ అయ్యాక పక్కన కూర్చున్నావిడని అడగండి. ఈ ఊళ్ళో ఆ మాట అడిగితే సంతోషంగా చెబుతారు.

అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు: స్టాళ్ళలో పుస్తకాలు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ఒకదాంట్లో పేజీలు లేవు. కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? రచయిత సంతకం ఎలా తీసుకోవాలి?

పుస్తకాన్ని ఒక్కో పేజీగా అచ్చు వెయ్యరు. ఒక పెద్ద కాగితం మీద ఒక పక్క 8, రెండో పక్క 8 పేజీలు వేసి మడుస్తారు. ఆ పదహారు పేజీల మడతని ఫారం అంటారు. ఫారాల్ని వరసగా పేర్చి కుడతారు, లేదా జిగురు పెట్టి అట్ట వేస్తారు. తప్పులు జరిగేది ఈ పేర్చడంలోనే. ఒక ఫారం పడకపోవచ్చు, ఒకటే రెండుసార్లు పడొచ్చు, తలకిందులుగా పడొచ్చు. కాగితానికి ఒక పక్క అచ్చు పడకుండా జారిపోతే ఫారంలో ఎనిమిది పేజీలు తెల్లగా వస్తాయి.

అందుకని ప్రతి పేజీ తిప్పక్కర్లేదు. ఫారం మారే చోట్లు చూడండి. లెక్క 1తో మొదలైతే 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49, 64 తర్వాత 65 వస్తున్నాయా అన్నది. ముందుమాటలకి వేరే అంకెలు వేస్తే ఈ చోట్లు కాస్త అటూ ఇటూ జరుగుతాయి, కాబట్టి ఆ తర్వాత ఎడమ చేత్తో పుస్తకం వెన్ను పట్టుకుని, కుడి బొటనవేలితో పేజీల అంచుల్ని జారవిడుస్తూ ఒక్కసారి తెల్ల పేజీలకోసం చూడండి. 200 పేజీల పుస్తకానికి నిమిషం పడుతుంది. జిగురు బైండింగు అయితే మధ్యలో తెరిచి చూడండి. వెన్ను చిట్లిన చప్పుడొస్తే ఆ ప్రతి వదిలేసి ఇంకోటి అడగండి. స్టాలువాళ్ళు మార్చి ఇస్తారు. అక్కడ మార్చుకోవడం తేలిక, ఇంటికొచ్చాక కష్టం.

తెలుగు కథల పుస్తకాలు చాలావరకు 500, 1000 ప్రతులే వేస్తారు. రచయితే సొంతంగా వేసుకున్నదైతే ఇంకా తక్కువ. 'మళ్ళీ ఎప్పుడైనా కొందాం' అనుకున్నది మళ్ళీ దొరక్కపోవచ్చు. బడ్జెట్ ఇంట్లోనే అనుకుని వెళ్ళండి, అందులో మూడో వంతు మాత్రం ఆ రోజు విన్న కొత్త రచయితకి ఉంచండి. 50, 100 రూపాయల నోట్లు ఉండాలి. జనం నిండిన హాలు బయట నెట్‌వర్క్ మొరాయిస్తుంది, ఫోన్‌పే తిరుగుతూ ఉంటుంది, వెనక వరస పెరుగుతుంది. కొనడానికి మంచి సమయం సమావేశం మొదలైన పది నిమిషాల తర్వాత. అప్పుడు స్టాళ్ళు ఖాళీగా ఉంటాయి, అమ్మేవాళ్ళు నిలబడి పుస్తకం గురించి చెబుతారు.

సంతకానికి బాల్‌పెన్ను మీదే పట్టుకెళ్ళండి. నున్నటి కాగితం మీద జెల్ సిరా అంటుకుపోయి ఎదుటి పేజీకి కూడా మచ్చ పడుతుంది. పేరు ఒక చీటీ మీద రాసి లోపలి టైటిల్ పేజీలో పెట్టి, ఆ పేజీ తెరిచి ఇవ్వండి. శాంతా, సాంతా అని అడుగుతూ నిలబెట్టనక్కర్లేదు. ఒక రచయిత దగ్గరికి రెండు పుస్తకాలకి మించి తీసుకెళ్ళకండి. ఆ పుస్తకంలో మీకు నచ్చిన ఒక్క వాక్యం చెప్పండి. ఆ ఒక్కటే రచయిత ఇంటికి తీసుకెళ్తారు.

నర్సీపట్నం నుంచి: కొన్న పుస్తకాలు హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయికి పంపాలి. కొరియరు బరువుకి ఖర్చు ఎక్కువ అడుగుతున్నారు.

తపాలా శాఖలో 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' అని పుస్తకాల కోసమే ఒక పద్ధతి ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, గరిష్ఠంగా 5 కిలోలకి 100 రూపాయలు, పన్ను అదనం. 200 పేజీల మామూలు సైజు (డెమ్మీ) పుస్తకం దాదాపు పావు కిలో తూగుతుంది. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో తప్పక ఉండాలి. వార, మాస పత్రికలకీ, ప్రకటనలున్న వాటికీ ఇది పనికిరాదు. రోడ్డు, రైలు మార్గంలో పోతుంది కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. మూలలకి అట్టముక్క పెట్టి, లోపల ఒక పాలిథిన్ పొర చుట్టి పంపండి. ముందు నలిగేవి మూలలే.

సీతమ్మధార నుంచి: మా నాన్నగారికి 74 ఏళ్ళు, వినికిడి మిషను వాడతారు, షుగరుంది. ఆయనే తీసుకెళ్ళమంటున్నారు.

తీసుకెళ్ళండి. ఒక పూట చాలు, పొద్దున గానీ సాయంత్రం గానీ. పెద్ద హాల్లో గోడలకి తగిలి వచ్చే ప్రతిధ్వనిని కూడా మిషను పెంచి వినిపిస్తుంది, అప్పుడు మాట ముద్దగా ఉంటుంది. వేదిక దగ్గరగా, మాట్లాడేవాళ్ళ పెదాలు కనబడే చోట కూర్చోబెడితే తేడా ఉంటుంది. ముందు వరసలు అతిథులకి ఉంచినా, పెద్దాయన సంగతి కార్యకర్తలకి చెబితే అక్కడ చోటు ఇస్తారు. కొత్త బ్యాటరీలు జేబులో ఉంచండి. భోజనాలు పత్రంలో ఒంటిగంటకని ఉంటే రెండింటికి పెడతారు. ఆయన మందు టైముకి తగ్గట్టు ఇంటి నుంచే రెండు చపాతీలో ఇడ్లీలో డబ్బాలో తీసుకెళ్ళండి, గ్లూకోజు బిళ్ళలు కూడా. మెట్లు, బాత్‌రూము ఎక్కడున్నాయో ముందు మీరు చూసి వచ్చాక ఆయన్ని లోపలికి తీసుకెళ్ళండి.

పెందుర్తి నుంచి ఒక తల్లి: ఎనిమిదేళ్ళ పాప, పన్నెండేళ్ళ బాబు. విసిగిపోరా?

పెద్దవాళ్ళ చర్చలో కూర్చోబెడితే పావుగంటలో విసిగిపోతారు, అది వాళ్ళ తప్పు కాదు. కథ చెప్పడం, బొమ్మలు వేయడం, బాలసాహిత్యం ఉన్న సమావేశం ఒకటి, పుస్తకాల స్టాలు గంట. పాపకి వంద రూపాయలు చేతికిచ్చి తనే ఎంచుకోమనండి, మీరు మార్చకండి. బాబు అయితే చదివిన పుస్తకం రచయితని ఒక్క ప్రశ్న అడిగితే ఆ రోజు వాడికి చాలా ఏళ్ళు గుర్తుంటుంది. ఇద్దరినీ మూడు గంటలకంటే ఎక్కువ ఉంచకండి.

కంచరపాలెం నుంచి: ప్రసంగాలు ఫోనులో రికార్డు చేసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

అడక్కుండా పెట్టకండి. రచయిత చదివేది ఇంకా అచ్చుకాని కథ కావచ్చు, అది బయటికి పోతే ఏ పత్రికా వేసుకోదు. మీకోసం రెండు మూడు నిమిషాల శబ్దం తీసుకున్నా చేతులెత్తి వీడియో పట్టకండి, వెనకవాళ్ళకి వేదిక బదులు మీ తెర కనిపిస్తుంది. నోట్‌బుక్కు మేలు. పేజీకి ఎడమ పక్క విన్న మాట, కుడి పక్క మీకు తట్టింది రాయండి. పూర్తిగా విన్న వాక్యానికే కొటేషన్లు పెట్టండి, లేకపోతే వారం తర్వాత మీ మాటే రచయిత మాటగా చలామణీ అవుతుంది. ఇంటికొచ్చిన రాత్రే ఒకసారి చదివి, వదిలేసిన అక్షరాలు సరిచేయండి. మర్నాటికి మీ రాతే మీకు అర్థం కాదు.

గోపాలపట్నం నుంచి ఒక యువ రచయిత: నా నవల టైపు చేసి ఉంది, 280 పేజీలు. సభకొచ్చే పెద్ద రచయితకి ఇస్తే చదువుతారా?

ఇవ్వకండి. ఆ రోజు ఆయన చేతికి పది పుస్తకాలొస్తాయి, రైలెక్కేటప్పుడు బరువే గుర్తొస్తుంది. అచ్చయిన మీ కథ ఒకటుంటే దాని నకలు, రెండు మూడు పేజీలది, మీ పేరు, ఊరు, ఫోను రాసి ఇవ్వండి. ముందు 'ఇవ్వొచ్చా?' అని అడగండి. నవల గురించి మాట్లాడాల్సింది స్టాళ్ళలో ఉన్న ప్రచురణకర్తలతో. మధ్యాహ్నం భోజనాల తర్వాత వాళ్ళకి తీరిక ఉంటుంది. ఎన్ని పేజీలు, దేని గురించి, ఎక్కడైనా ధారావాహికగా వచ్చిందా అన్న మూడు సంగతులు ఒక్క నిమిషంలో చెప్పగలిగేలా వెళ్ళండి.

విజయవాడ నుంచి వస్తున్న పాఠకులు: ఉత్సవం మర్నాడు ఒక రోజు ఖాళీ ఉంది. చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడవండి, శ్రీశ్రీ, గురజాడ విగ్రహాలు దారిలోనే ఉంటాయి. శ్రీశ్రీ (1910–1983), ఆరుద్ర (1925–1998) ఇద్దరూ పుట్టింది ఈ ఊళ్ళోనే. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి ఇక్కడే జరిగింది. అప్పుడు విద్యార్థులు 'రచయితలారా మీరెటువైపు?' అని కరపత్రం పంచారు, అదే ఏడాది జూలైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది.

తర్వాత రెండు దారులున్నాయి. విజయనగరం రైల్లో గంట ప్రయాణం, గురజాడ నివసించిన ఇల్లు అక్కడే ఉంది. శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. రైల్లో వెళ్తే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషనులో దిగి ఊళ్ళోకి బస్సో ఆటోనో ఎక్కాలి. అక్కడ చూడాల్సింది కథానిలయం. విశాఖలో బళ్ళో లెక్కలు చెప్పిన కాళీపట్నం రామారావు (1924–2021) తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని 1997లో పెట్టిన గ్రంథాలయం అది. ఊరికే చూసి వచ్చేయకండి. మీ ఊరి రచయిత పేరు ఒకటి, మీరు చిన్నప్పుడు ఏదో పత్రికలో చదివి మర్చిపోయిన కథ వచ్చిన సంవత్సరం ఒకటి చీటీ మీద రాసుకుని వెళ్ళి అడగండి. తెరిచి ఉంటారో లేదో ముందు రోజే ఫోను చేసి కనుక్కోండి.